గడిచిన సైక్లోక్రాస్ సీజన్‌ను ల్యాప్ సమయాలతో చదువుకోవడం

మూడోవరుస:

సైక్లోక్రాస్ (గడ్డి, బురద, ఇసుక, అడ్డంకులు ఉన్న దారిలో చుట్లు వేస్తూ, అవసరమైన చోట సైకిల్ దిగి పరుగెత్తుతూ సాగే రేసు) ఔత్సాహికుల విభాగాల్లో ఈ సీజన్ రేసులన్నీ పూర్తయ్యాయి కనుక, ఎవరు ఏం గమనించారో జ్ఞాపకం చెదరకముందే రాసి పెట్టుకుంటే వచ్చే సీజన్‌కు పనికొస్తుందన్న ఉద్దేశంతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నా మట్టుకు నేను ఈసారి ఫలితాల పట్టికలోని స్థానాలను పక్కన పెట్టి, ప్రతి రేసులోని ల్యాప్ (ఒక్కో చుట్టు) సమయాలను వరుసగా రాసుకొని చూశాను. స్థానం అన్నది ఆ రోజు బరిలోకి ఎవరెవరు దిగారన్న దానిమీద ఆధారపడుతుంది. బలమైన పోటీదారులు నలుగురు ఆ వారం వేరే రేసుకు వెళ్లిపోతే నా స్థానం నాలుగు మెట్లు పైకి వస్తుంది, అందులో నేను సాధించింది ఏమీ ఉండదు. ల్యాప్ సమయాల దగ్గర ఆ ఇబ్బంది లేదు.

మొదటి ల్యాప్‌ను లెక్కలోంచి తీసేశాను. స్టార్ట్ దగ్గరి తోపులాట, మొదటి మూలలో ఆగిపోవడం, ముందువారు దిగి నడుస్తుంటే వెనకవాళ్లూ దిగాల్సి రావడం వంటివన్నీ అందులో కలిసి ఉంటాయి కనుక ఆ సమయం మన శక్తిని గురించి ఏమీ చెప్పదు. రెండో ల్యాప్‌కూ చివరి ల్యాప్‌కూ మధ్య ఎన్ని సెకన్ల తేడా వచ్చిందన్నదే నేను చూసిన అసలు అంకె. ఆ తేడా తక్కువగా ఉన్న రేసులు, నాకు బాగా జరిగాయని గుర్తున్న రేసులు దాదాపు ఒకటే అయ్యాయి.

ఇందులో నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. సీజన్ మొదట్లో నేల గట్టిగా, పొడిగా ఉన్నప్పుడు ఈ తేడా చిన్నదైనా పెద్దదైనా చివరి స్థానం పెద్దగా మారలేదు. అందరూ ఒకరి వెనక ఒకరు గాలి తగలకుండా వెళుతుంటారు, దాటడానికి చోటు తక్కువ, అలసిపోయినవాడు కూడా ముందువాడి చక్రం పట్టుకొని నెట్టుకొస్తాడు. బురద మొదలైన తర్వాత లెక్క తారుమారైంది. అలసట వల్ల గీత (నేల మీద మనం ఎంచుకున్న దారి) ఒక జానెడు తప్పితే చాలు, ముందు చక్రం జారుతుంది, కాలు నేల మీద పెట్టాలి, ఆగిన చోటు నుంచి మళ్లీ వేగం పుంజుకోవాలి. ఒక్క పొరపాటుకు ఇంత మూల్యం ఉన్నప్పుడు, ఊపిరిని చివరి వరకు అదుపులో ఉంచుకున్నవారే ముందుకు వస్తారు. సమంగా నడపడమన్నది బురద రేసుల్లో ఇచ్చినంత ఫలితం పొడి రేసుల్లో ఇవ్వదని నేను నమ్ముతున్నాను. మీ ల్యాప్ సమయాలు ఏం చెబుతున్నాయో రాయగలరు.


గడ్డిగట్టు:

మూడోవరుస గారూ, లెక్క చక్కగా వేశారు గానీ, దాని నుంచి మీరు చేరుకున్న నిర్ణయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. సైక్లోక్రాస్‌లో మొదటి ల్యాప్‌ను తీసేసి మిగిలిన రేసును చదవడమంటే, నా దృష్టిలో అసలు జరిగిన రేసును వదిలేసి మిగిలినదాన్ని చదవడమే. గ్రిడ్‌లో, అంటే స్టార్ట్ దగ్గర నిలబడే వరుసల్లో, నాలుగో వరుసలోనో ఐదో వరుసలోనో నిలబడినవారికి మొదటి తిన్నని దారి ముగిసేలోపు దాటగలిగినంత మందిని దాటే అవకాశం ఒక్కసారే వస్తుంది. ఆ తర్వాత దారి ఇరుకై మూలలు మొదలవుతాయి, మూలలో ముందువాడు బ్రేకు వేస్తే వెనకనున్న ప్రతివాడూ అంతకన్నా ఎక్కువ సేపు బ్రేకు వేయాలి, వరుస చివర ఉన్నవాడు పూర్తిగా నిలబడిపోతాడు. ముందున్నవారు ఆ సమయంలో ఖాళీ దారిలో వెళ్లిపోతారు. అక్కడ పోయిన సెకన్లను తర్వాతి ల్యాప్‌లలో ఎంత సమంగా నడిపినా తిరిగి తెచ్చుకోవడం కష్టం.

అందుచేత మొదటి రెండు నిమిషాలు శక్తికి మించి నడపడం, దాని మూల్యాన్ని చివరి ల్యాప్‌లలో కొంత చెల్లించడం అవివేకం కాదు, లెక్క చూసుకొని చేసే పనే. 2025లో ఫ్రాన్స్‌లోని లియెవాన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు గుర్తు చేసుకోండి. మాథ్యూ వాన్ డెర్ పూల్ మొదటి ల్యాప్‌లోనే అందరినీ వదిలేసి వెళ్లిపోయి ఏడో టైటిల్ గెలిచి, ఎరిక్ డి వ్లామింక్ ఏడు టైటిళ్ల రికార్డును అందుకున్నాడు. అలాంటి రేసులో రెండో ల్యాప్ నుంచి లెక్క మొదలుపెడితే గెలుపు ఎక్కడ నిర్ణయమైందో కనిపించకుండా పోతుంది.


మూడోవరుస:

గడ్డిగట్టు గారూ, మీరు చెప్పిన రేసులోనే రెండో స్థానం సంగతి కూడా చూడండి. వౌట్ వాన్ ఆర్ట్ ఆ రోజు నాలుగో వరుస నుంచి బయలుదేరాడు, మొదట్లో చాలామంది వెనక చిక్కుకుపోయాడు, అయినా ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి రెండో స్థానంలో ముగించాడు. ఒకే రేసులో మీ వాదానికి ఒకరు, నా వాదానికి ఒకరు సాక్ష్యంగా నిలిచారు. వాళ్ల శక్తి మనకు లేదన్నది వేరే మాట.

స్టార్ట్‌లో గట్టిగా వెళ్లవద్దని నా ఉద్దేశం కాదు. మొదటి మూల వరకు గట్టిగా వెళ్లడం వేరు, మొదటి ల్యాప్ అంతా అదే ఊపులో వెళ్లడం వేరు. మూల తిరిగి వరుస కుదురుకున్న తర్వాత, ముందువాడి వెనక ఒక అర నిమిషం ఊపిరి తీసుకోగలిగితే, రెండో ల్యాప్ చేరేసరికి కాళ్లు మళ్లీ మన మాట వింటాయి. ఔత్సాహికుల రేసుల్లో ఎక్కువమంది ఆ అర నిమిషం తీసుకోరు. ముందువాడికీ తనకూ మధ్య రెండు సైకిళ్ల దూరం ఏర్పడితే భయపడి వెంటనే పూడ్చేస్తారు, తర్వాతి మెలికలో ఎలాగూ అందరూ దగ్గరికి వస్తారన్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాదు.


పలకదాటు:

మీ ఇద్దరి చర్చ ఊపిరి చుట్టూ తిరుగుతోంది. నేను కాళ్లూ చేతుల గురించి రాస్తాను. నేను మహిళల విభాగంలో పోటీ చేస్తాను. చాలా రేసుల్లో మమ్మల్ని పురుషుల ఒక విభాగం బయలుదేరిన కొద్దిసేపటికి వదులుతారు, కాబట్టి రెండో ల్యాప్ నుంచి వారిలో వెనకబడినవారిని దాటడం మా రేసులో భాగమైపోతుంది. పురుషులకు అధికారిక ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1950లో మొదలైతే మహిళలకు 2000లో మొదలైంది, ఆ వెనుకబాటు ఔత్సాహికుల రేసుల ఏర్పాట్లలో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. మాకు విడిగా స్టార్ట్, విడిగా సమయం కేటాయించే నిర్వాహకులు పెరుగుతున్నారు, అది ఎంతో సంతోషించదగిన విషయం.

దాటాల్సినవారు ఎక్కువగా ఉన్నప్పుడు దాటే చోటు ముఖ్యమవుతుంది, ఈ సీజన్‌లో నాకు ఆ చోటు ఎక్కువసార్లు పలకల (దారికి అడ్డంగా నిలబెట్టే అడ్డంకులు) దగ్గరే దొరికింది. చాలామంది పలకలకు ఎంతో ముందే బ్రేకు వేసి, ఆగిపోయినంత నెమ్మదిగా దిగి, సైకిల్‌ను ఎత్తి, దాటాక నిలబడి మళ్లీ ఎక్కుతారు. దిగే పద్ధతి సరిగ్గా ఉంటే అక్కడ వేగం తగ్గాల్సిన అవసరం చాలా తక్కువ. కుడికాలును సీటు వెనక నుంచి ఎడమవైపుకు తేవాలి, కుడిచేతిని హ్యాండిల్ మీద నుంచి తీసి ఫ్రేమ్ పైగొట్టం మీద ఆనించాలి, కొద్ది గజాల దూరం ఎడమ పెడల్ మీద ఒంటికాలితో నిలబడి జారుతూ రావాలి, పలక దగ్గరపడగానే ఆ ఎడమ మడమను బయటికి తిప్పి క్లీట్ (బూటును పెడల్‌కు పట్టి ఉంచే బిళ్ల) విడిపించి, కుడికాలితో మొదటి అడుగు వేయాలి. ఆ అడుగు పడేటప్పటికి శరీరం ముందుకు కదులుతూనే ఉంటుంది కనుక పరుగు దానంతట అదే వస్తుంది. రెండు పలకల మధ్య వేయాల్సిన అడుగులు ముందే తెలిసి ఉండాలి, ఎన్ని అన్నది మన కాలి పొడవును బట్టి ఉంటుంది.

ఎక్కేటప్పుడు చాలామంది చేసే ఆ చిన్న కుప్పిగంతు, ఎడమకాలితో రెండుసార్లు ఎగరడం, వేగాన్ని చంపేస్తుంది. కుడి తొడ లోపలి భాగం సీటు మీద పడేలా ఒక్కసారే ఎగిరి, అక్కడి నుంచి జారి కూర్చోవాలి. అలసిపోయినప్పుడు ముందుగా పాడయ్యేది ఇదే. మూడోవరుస గారు చెప్పిన ల్యాప్ తేడాలో ఎంత భాగం ఊపిరిది, ఎంత భాగం ఇలా దిగి ఎక్కడాల దగ్గర పేరుకుపోయినదో విడదీసి చూడాలి. చివరి ల్యాప్‌లలో నా వేగం తగ్గిన చోట్లను, వేగం నమోదు చేసే పరికరంలో చూస్తే, తిన్నని దారుల్లో తగ్గుదల చాలా స్వల్పంగా ఉంది, దిగి ఎక్కిన చోట్ల, మెట్ల దగ్గర స్పష్టంగా కనిపించింది.


ఆఖరిల్యాప్:

సైకిల్ దిగకుండా పలకల మీదుగా ఎగిరి దాటడం మీద ఎవరైనా కృషి చేశారా? బీఎంఎక్స్ (చిన్న సైకిళ్లతో గుట్టల మీదుగా ఎగురుతూ సాగే రేసు) నుంచి సైక్లోక్రాస్‌కు వచ్చిన బెల్జియం రేసర్ స్వెన్ నీస్ దాన్ని ఎంత తేలికగా చేసేవాడో చూసినప్పటి నుంచి నాకు ఆ కోరిక ఉంది.


పలకదాటు:

పలకల ఎత్తు నిబంధనల ప్రకారం 40 సెంటీమీటర్లు మించకూడదు. అభ్యాసం చేస్తే ఆ ఎత్తు చాలామందికి అందుబాటులోకి వస్తుంది. అయితే అలసట లేనప్పుడు ఎగరగలగడం, ఊపిరి అందని నలభయ్యో నిమిషంలో పక్కన మరొకరు ఉండగా ఎగరగలగడం వేరు వేరు. వెనక చక్రం పలకకు తగిలితే మీతోపాటు మీ వెనకనున్నవారూ పడతారు. అట్టపెట్టెలు, తగిలితే ఒరిగిపోయే తేలికపాటి గొట్టాలు పెట్టుకొని నేర్చుకోండి, తగలకుండా దాటడం అలవాటుగా మారేవరకు రేసులో దిగి పరుగెత్తడమే మంచిది. బాగా దిగి ఎక్కేవారికీ ఎగిరి దాటేవారికీ మధ్య ఔత్సాహికుల స్థాయిలో వచ్చే తేడా మీరు ఊహించినంత పెద్దది కాదు.


నల్లటైరు:

టైరులో గాలి ఎంత ఉందో రాసుకోకుండా ల్యాప్ సమయాలను పోల్చడం అసంపూర్ణమని నా అభిప్రాయం. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రేసుల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు మించరాదు, ఔత్సాహికుల విభాగాల్లో అనేక చోట్ల అంతకన్నా వెడల్పైనవీ అనుమతిస్తారు. ఇంత సన్నని టైరుతో గడ్డి, వేళ్లు, బురద, ఇసుక అన్నీ దాటాలి కాబట్టి, గాలి ఒత్తిడిలో కొద్దిపాటి మార్పు కూడా మూలల్లో పట్టును పూర్తిగా మార్చేస్తుంది.

నా బరువు 75 కిలోలకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది. ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని) టైర్లతో గట్టి నేల మీద 1.7 బార్ (గాలి ఒత్తిడి కొలమానం) దగ్గర మొదలుపెడతాను, బురదలో 1.4 వరకు దిగుతాను. ట్యూబ్యులర్ (ట్యూబును లోపల పెట్టి కుట్టేసిన టైరు) వాడేవారు రిమ్‌కు టైరును జిగురుతో అతికిస్తారు కనుక ఇంకా తగ్గించగలరు. ట్యూబ్‌లెస్‌లో మరీ తగ్గిస్తే, మూలలో బలంగా వాలినప్పుడు టైరు అంచు రిమ్ నుంచి ఒక్క క్షణం విడిపోయి గాలి బుస్సుమని బయటికి వస్తుంది. నా కొలత చాలా సాదాగా ఉంటుంది. కోర్సును ముందుగా చూసుకొనేటప్పుడు, ల్యాప్ మొత్తంలో ఒకటి రెండు గట్టి వేళ్ల మీదో రాళ్ల మీదో రిమ్ మెత్తగా తగిలీ తగలనట్టు తెలిస్తే ఒత్తిడి సరిపోయినట్టు. ఎక్కడా తగలకపోతే గాలి ఎక్కువ, తగిలిన ప్రతిసారీ టంగున మోగితే తక్కువ.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఉంది. 20 డిగ్రీల గదిలో 1.7 బార్ నింపిన టైరును 3 డిగ్రీల చలిలోని మైదానంలో కొంతసేపు ఉంచితే, గాలి ఏమీ పోకుండానే ఒత్తిడి సుమారు 1.54కు పడిపోతుంది. రేసులో గెలుపోటములను మార్చగల తేడా అది. కాబట్టి ఆఖరి సర్దుబాటును మైదానంలోనే, సైకిల్ బయట చల్లబడిన తర్వాతే చేయాలి. పెద్ద పంపుల మీది గేజీలు రోడ్డు టైర్ల ఒత్తిడికి తగ్గట్టు చేసినవి, ఈ తక్కువ ఒత్తిళ్ల దగ్గర వాటి ముల్లును నమ్మలేం. విడిగా ఒక డిజిటల్ గేజి ఉంచుకొని, ఎప్పుడూ దానితోనే కొలవాలి. దాని అంకె నిజానికి కొంచెం అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు, ప్రతిసారీ ఒకే పరికరం అయితే పోలిక కుదురుతుంది.

నేల స్థితి, టైరు నమూనా, ముందు వెనక ఒత్తిళ్లు, రేసు తర్వాత ఒక వాక్యం చొప్పున ప్రతి రేసుకూ రాసుకున్నాను. ఇప్పుడు తిరగేస్తుంటే, నా మంచి ల్యాప్‌లలో చాలావరకు ముందు టైరులో వెనకదానికన్నా ఒత్తిడి కొద్దిగా తక్కువగా ఉన్నప్పుడే వచ్చాయి.


కొయ్యమేకు:

నేను రేసులో పాల్గొనడం కన్నా కోర్సు వేయడం, రోజంతా ఒక మూల దగ్గర నిలబడి చూడడం ఎక్కువగా చేస్తుంటాను. అక్కడి నుంచి కనిపించే సంగతి ఒకటి ఈ చర్చకు అవసరం అనిపించింది. కోర్సు ఒకటే అయినా నేల ఒకటిగా ఉండదు. ఉదయం మొదటి విభాగం వచ్చినప్పుడు గడ్డి మీద మంచు ఉంటుంది, పట్టు బాగానే ఉంటుంది. రెండు మూడు విభాగాలు తిరిగేసరికి మూలల్లో గడ్డి ఊడి కింది మట్టి పైకి వస్తుంది, మధ్యాహ్నానికి అదే చోట మడమ లోతు బురద తయారవుతుంది. వాన ఆగి గాలి వీస్తే ఆ బురద కాసేపటికి గట్టిపడి బంకలాగా మారుతుంది, అప్పుడది టైరు జారేలా చేయడం మానేసి టైరుకు చుట్టుకొని ఫ్రేమ్‌లో ఇరుక్కుంటుంది. ఒకే రేసులో రెండో ల్యాప్‌కూ ఆఖరి ల్యాప్‌కూ మధ్య కూడా ఈ మార్పు జరుగుతూనే ఉంటుంది.

కాబట్టి మూడోవరుస గారూ, మీ ల్యాప్ తేడాను అలాగే చూడకుండా, మీ విభాగంలో మీ చుట్టుపక్కల ముగించిన ఒక అయిదారుగురి తేడాతో పోల్చి చూడండి. అందరికీ ఇరవై సెకన్లు పెరిగిన చోట మీకు పదిహేను పెరిగితే అది మంచి రేసు. నేల ఎండిపోతూ అందరి సమయాలూ తగ్గుతున్నప్పుడు మీవి స్థిరంగా ఉంటే, అంకెల్లో సమంగా నడిపినట్టు కనిపించినా మీరు నిజానికి వెనకబడుతున్నట్టే.

మరో మాట. మూల దగ్గర నిలబడితే, నేల మారిన తర్వాత కూడా ఉదయం ముందస్తుగా చూసుకున్న గీతనే పట్టుకొని వెళ్లేవారు ఎందరో కనిపిస్తారు. అందరూ వెళ్లి వెళ్లి లోతుపడిన గాడి పక్కనే, కోర్సు హద్దుగా కట్టిన టేపు అంచున ఎవరూ తొక్కని గడ్డి పట్టీ ఒకటి ఉంటుంది. దూరం ఒక అడుగు ఎక్కువే అయినా అక్కడ సైకిల్ దిగాల్సిన పని ఉండదు. మీ రేసుకు ముందున్న విభాగం పోటీని ఒక కష్టమైన మూల దగ్గర నిలబడి చూడండి, ముందస్తు ల్యాప్‌లలో తెలియనిది అక్కడ తెలుస్తుంది.


ఆఖరిల్యాప్:

ఇక్కడ అందరూ రెండో ల్యాప్‌కూ ఆఖరి ల్యాప్‌కూ తేడా చూస్తున్నారు. నాకు కొన్ని రేసుల్లో ఆఖరి ల్యాప్ దక్కలేదు. ముందున్నవారు నన్ను ఒక ల్యాప్ దాటేసినందున, వారు ముగించగానే నా రేసు కూడా ముగిసింది. పెద్ద రేసుల్లోనైతే 80 శాతం నిబంధన ఉంది. ముందున్న పోటీదారు మొదటి ల్యాప్‌కు తీసుకున్న సమయంలో 80 శాతం మేర వెనకబడినవారిని రేసు నుంచి తప్పిస్తారు. మన స్థాయిలో దాన్ని చాలాచోట్ల పాటించకపోవడం వల్లనే నాలాంటివారు రేసు చేయగలుగుతున్నారు, అందుకు నిర్వాహకులకు నిజంగా కృతజ్ఞుణ్ని.

వెనకనుండే వారి సీజన్‌ను దేనితో కొలవాలన్నది నా ప్రశ్న. దాటిపోయేవారికి దారి ఇవ్వడానికి ల్యాప్‌లో చాలాసార్లు గీత వదిలి పక్కకు జరగాలి. ఆ సెకన్లన్నీ కలిసిన ల్యాప్ సమయం నా గురించి ఏం చెబుతుంది? అయినా నాకు ఈ సీజన్ తృప్తినిచ్చింది. సీజన్ మొదట్లో దిగి నడిచిన పక్కవాలు ఉన్న గట్లను చివరి రేసుల్లో తొక్కుకుంటూ దాటాను.


కొయ్యమేకు:

ఆఖరిల్యాప్ గారూ, మీరు మీ ప్రశ్నకు మీరే జవాబు రాశారు. ప్రతి రేసులోనూ తొక్కుకుంటూ దాటినవెన్ని, దిగి దాటినవెన్ని అని రాసుకోండి, మీకు ల్యాప్ సమయం కన్నా అదే సరైన కొలత. పక్కవాలు గట్టు మీద పైవైపు కాలును పెడల్ నుంచి విడిపించి సిద్ధంగా ఉంచుకొని, బరువంతా కిందివైపు పెడల్ మీద వేసి, చూపును జారిపోయే చోటు మీద కాకుండా గట్టు చివర మీద నిలపగలిగితే ఇంకొన్ని దక్కుతాయి. దారి ఇవ్వడం గురించి కూడా చెబుతాను. మీరు గీత వదలాల్సిన పని లేదు. మీరు ఎటు వెళుతున్నారో అటే స్థిరంగా వెళ్లండి, దాటే బాధ్యత వెనక నుంచి వచ్చేవారిది. అకస్మాత్తుగా పక్కకు జరిగేవారి వల్లనే తగలడాలు ఎక్కువగా జరుగుతాయి.


చిన్నగేరు:

మా అమ్మాయి ఈ సీజన్‌లో మొదటిసారి జూనియర్ల రేసుల్లో పాల్గొంది. మేం ఇద్దరం చాలా నేర్చుకున్నాం. సైక్లోక్రాస్‌లో సీజన్ ముగిసే ఏడాదిని బట్టి వయోవిభాగాన్ని లెక్కిస్తారని మొదట్లో తెలియక, రోడ్డు రేసుల విభాగానికీ దీనికీ పొంతన ఎందుకు లేదా అని ఆశ్చర్యపోయాం. కొత్తగా వచ్చే తల్లిదండ్రులకు ఇది ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. చుట్టూ చాలామంది రెండో సైకిల్‌ను పిట్‌లో (రేసు మధ్యలో సైకిల్, చక్రాలు మార్చుకునే చోట) ఉంచుతున్నారు, అది తప్పనిసరా? రెండోది, ఒక తడి రేసు మధ్యలో తన బ్రేకులు పూర్తిగా పట్టు కోల్పోయాయి, రేసుకు ముందు బాగానే ఉన్నాయి. ఇది ఎలా సాధ్యం?


నల్లటైరు:

చిన్నగేరు గారూ, రెండో సైకిల్ అవసరం లేదు. పిట్‌లో మారే పద్ధతి, ప్రతి అర ల్యాప్‌కూ శుభ్రమైన సైకిల్ అందుకోవడం, అక్కడ కడిగి ఇచ్చే మనిషి ఉన్నవారికే పనికొస్తుంది. జూనియర్‌కు ఒక జత చక్రాలు పిట్‌లో ఉంటే చాలు, అవి కూడా తన సైకిల్ బ్రేకు డిస్కులకు, గేర్లకు సరిపోయేవి అయి ఉండాలి, ముందే ఒకసారి బిగించి చూసుకోవాలి. పిట్ దారిలోకి ప్రవేశించాలంటే చక్రమో సైకిలో మార్చడానికే ప్రవేశించాలి, పిట్ దాటిన తర్వాత పంక్చర్ అయితే వెనక్కి రాకుండా కోర్సు వెంబడే తర్వాతి పిట్ వరకు వెళ్లాలి అన్న రెండు నిబంధనలు అమ్మాయికి తెలిసి ఉండాలి.

బ్రేకుల విషయంలో జరిగింది అరుదు కాదు. తడి బురదలోని ఇసుక రేణువులు డిస్కుకూ ప్యాడ్‌కూ మధ్య చేరి ఆకురాయిలా అరగదీస్తాయి. రెసిన్ ప్యాడ్లు కొత్తవైనా ఒక్క తడి రేసులో లోహపు పలక వరకు అరిగిపోగలవు. లోహపు పొడి కలిపిన సింటర్డ్ ప్యాడ్లు తడిలో ఎక్కువ కాలం నిలుస్తాయి, కొంచెం చప్పుడు చేస్తాయి, అంతే. రేసుకు ముందు చక్రం తీసి, ప్యాడ్ల మధ్య సందులోకి వెలుగు వేసి మందం చూడండి, లివర్ నొక్కి చూస్తే సరిపోదు. రేసు తర్వాత కడిగేటప్పుడు ఒత్తిడి నీటి గొట్టాన్ని హబ్‌లు, పెడల్ ఇరుసు ఉన్న చోట్ల నేరుగా పెట్టవద్దు. బేరింగుల్లోకి నీళ్లు వెళ్లి సీజన్ మధ్యలో కరకరలాడడం మొదలవుతుంది. అడ్డంగా, దూరం నుంచి కడిగి, చెయిన్‌ను వెంటనే తుడిచి నూనె వేయండి.


గడ్డిగట్టు:

కొయ్యమేకు గారు చెప్పినట్టు చుట్టుపక్కల ముగించినవారితో పోల్చి నా రేసులు కూడా చూశాను. నా వాదంలో కొంత భాగం నిలిచింది, కొంత సడలింది. పొడి రేసుల్లో స్టార్ట్ బాగా పడినప్పుడు చివరి వరకు ఆ లాభం మిగిలింది. బురద రేసుల్లో స్టార్ట్‌లో సంపాదించిన స్థానాలు మూడో ల్యాప్ నుంచి ఒక్కొక్కటిగా పోయాయి. గ్రిడ్ విషయంలో నా అభిప్రాయం మాత్రం మారలేదు, నేలను బట్టి దాని విలువ మారుతుందని ఒప్పుకుంటున్నాను.

పవర్ మీటర్ (పెడల్ మీద పెట్టే శక్తిని కొలిచే పరికరం) వాడేవారికి ఒక హెచ్చరిక. రేసు సగటు శక్తిని చూసి నిరుత్సాహపడవద్దు. మూలల్లో, దిగుడుల్లో, సైకిల్ మోసుకొని పరుగెత్తేటప్పుడు పెడల్ మీద శక్తి సున్నా, ప్రతి మూల నుంచి బయటికి వచ్చేటప్పుడు మాత్రం చాలా ఎక్కువ. ఈ రెండింటి సగటు మనం పడిన శ్రమను చూపించదు. గుండె వేగం దాదాపు మొదటి నుంచి చివరి వరకు పైనే ఉండి, సగటు శక్తి మామూలు రోడ్డు సాధనలో వచ్చినంతే కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. వేసవిలో సుదీర్ఘమైన, నిదానమైన సవారీలతో పునాది వేసుకొని, సీజన్‌కు రెండు నెలల ముందు నుంచి అర నిమిషం గట్టిగా, అర నిమిషం నెమ్మదిగా చేసే సాధన చేర్చితే, మూల తర్వాత మూల నుంచి లేచే శక్తికి అది దగ్గరగా ఉంటుంది. పరుగును మాత్రం సీజన్ ముందు ఒక్కసారిగా మొదలుపెట్టకండి. పిక్కలు, మడమ వెనక స్నాయువు అలవాటు పడడానికి వారాలు పడుతుంది, సైకిల్ తొక్కేవారి గుండె వాటికన్నా ముందే సిద్ధంగా ఉంటుంది కనుక హద్దు తెలియకుండా పరుగెత్తి గాయపడతారు.


మూడోవరుస:

కొయ్యమేకు గారి సూచనతో నా అంకెలు కూడా మళ్లీ వేశాను. సమంగా నడిపానని సంతోషించిన రెండు రేసుల్లో నిజానికి నేల ఎండుతూ వచ్చింది, నా పక్కవారందరూ చివరికి వేగం పెంచారు. వేగం బాగా పడిపోయిందనుకున్న ఒక బురద రేసు మాత్రం, పోల్చి చూస్తే, సీజన్ మొత్తంలో నేను బాగా నడిపినదిగా తేలింది. బురదలో సమంగా నడపడానికి ఉన్న విలువ మీద నా నమ్మకం దీనితో ఇంకా బలపడింది.

వచ్చే సీజన్‌లో అన్ని రేసులకూ ఒకే తీవ్రతతో సిద్ధం కావాలనుకోవడం లేదు. సీజన్ తొలి పొడి రేసులను స్టార్ట్, మూలల అభ్యాసానికి వాడుకొని, మధ్యలో వచ్చే బురద రేసుల్లో రెండింటిని లక్ష్యంగా పెట్టుకుంటాను. ఆ రెండింటికి ముందు వారం సాధన తగ్గించి కాళ్లకు విశ్రాంతి ఇవ్వాలని ఉంది. పలకదాటు గారిని ఒకటి అడగాలి. చదును నేల మీద ఎగిరి ఎక్కడం కుదురుతోంది, ఎత్తు ఎక్కుతూ పరుగెత్తి, పైన ఇంకా వాలు ఉండగానే ఎక్కాల్సిన చోట మాత్రం ప్రతిసారీ ఆగిపోతున్నాను. మీరు ఏం చేస్తారు?


పలకదాటు:

సైకిల్‌ను నేల మీద పెట్టేముందు గేరు చూసుకోండి. పరుగెత్తే చోటుకు వచ్చేటప్పుడు, దిగకముందే, ఎక్కిన తర్వాత కావాల్సిన తేలిక గేరుకు మార్చేయాలి. దిగిన తర్వాత మార్చితే చెయిన్ మధ్యలో ఉండిపోయి మొదటి తొక్కుకే జారుతుంది. వాలు మీద ఎగిరితే వేగం సున్నాకు పడుతుంది కాబట్టి అక్కడ ఎగరకండి, కుడికాలును సీటు మీదుగా తిప్పి దాదాపు నడుస్తున్నట్టే ఎక్కండి. కుడి పెడల్ గంటల ముల్లు రెండు దగ్గర ఉన్నట్టు పైకి ఉండేలా సైకిల్‌ను దించేటప్పుడే చూసుకుంటే, క్లీట్ పడినా పడకపోయినా మొదటి తొక్కు దొరుకుతుంది. క్లీట్ తర్వాత పడుతుంది, బురద నిండి ఉంటే రెండు మూడు తొక్కుల తర్వాతే పడుతుంది. వాలు చివర ఇంకా పది అడుగులే మిగిలి ఉంటే ఎక్కే ప్రయత్నం మాని, సైకిల్‌ను భుజం మీదే ఉంచుకొని పైదాకా పరుగెత్తండి. గడ్డి ఉన్న ఏ చిన్న గట్టు మీదైనా దీన్ని సాధన చేయవచ్చు. పదినిమిషాలు చేసి ఆపేయండి, అలసిపోయిన కాళ్లతో చేస్తే ఆ కుప్పిగంతే అలవాటవుతుంది.